జాలి కాదు, లెక్క చెప్పండి

కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో కారు అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్న పిల్లలకు చెట్ల నడుమ ఆకు కప్పిన గుడిసెలు కనిపిస్తాయి. నెత్తిన కట్టెల మోపుతో, చంకలో బిడ్డతో రోడ్డు వార నడిచే ఆడవాళ్లు కనిపిస్తారు. "అమ్మా, వాళ్లెవరు? ఎందుకలా ఉంటారు?" అని అడుగుతారు. మన వైపు ఈ ప్రశ్న అడగని పిల్లలు తక్కువ. మనం చెప్పే జవాబు కూడా ఇంటింటికీ పెద్దగా మారదు. "పాపం, అడివిలో వాళ్లు నాన్నా. వాళ్లకేం తెలీదు." అంతటితో మాట అయిపోతుంది. బండి సారపాక దాటుతుంది.

ఆ జవాబు చెప్పిన తల్లి మనసులో ద్వేషం లేదు. కానీ పిల్లవాడు ఆ రెండు ముక్కల్లోంచే రెండు సంగతులు నేర్చుకుంటాడు. వాళ్లు మనకంటే కిందివాళ్లు అన్నది మొదటిది. అలా ఉండటానికి ఎవరూ కారణం కాదు, అదంతా దానంతటదే జరిగిపోయింది అన్నది రెండోది. రెండూ అబద్ధాలే. పదేళ్లప్పుడు బుర్రలో కూర్చున్న ఆ అబద్ధం పెద్దయ్యాక ఇల్లు అద్దెకివ్వనంటుంది, ఆఫీసు కుర్చీలో కూర్చుని అర్జీని పక్కన పెడుతుంది.

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలంలో పిల్లల్ని పెంచుతున్న అమ్మానాన్నలకు నేను చెప్పుకునేది ఒక్కటే. ఆదివాసుల గురించి మీ పిల్లలకు జాలి నేర్పకండి, లెక్క చెప్పండి. ఎవరి భూమి ఎవరి చేతికి ఎలా పోయింది, ఎవరు ఎక్కడి నుంచి ఎందుకు వచ్చారు, ఏ చట్టం ఎందుకు పుట్టింది, ఇదంతా లెక్కే. మనసు బాగున్నంత సేపే జాలి ఉంటుంది. లెక్క తెలిసినవాడు మనసు బాగోలేని రోజు కూడా ఎదుటివాడికి రావాల్సింది ఇస్తాడు.

ఆ గుడిసెల సంగతే తీసుకోండి. వాటిలో ఉండేది చాలావరకు గుత్తికోయలు, ఛత్తీస్‌గఢ్ బస్తర్ అడవుల నుంచి వచ్చినవాళ్లు. 2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులను తరమాలని ప్రభుత్వ అండతో లేచిన ఆ దండు ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించింది. ఇళ్లు తగలబడ్డాయి. రోడ్డు పక్క శిబిరాలకు రావాల్సిందేనని ఒకరు, పోతే ఊరుకోమని ఇంకొకరు. మధ్యన నలిగినవాళ్లు పిల్లాజెల్లాతో అడవి దారిన నడిచి ఇటు చర్ల, దుమ్ముగూడెం, చింతూరు వైపు వచ్చి పడ్డారు. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పైతే వచ్చింది గాని, కాలిపోయిన ఊరు మళ్లీ లేవాలి కదా. చాలామంది ఇక్కడే ఉండిపోయారు.

దీనికి తోడు ఒక తేదీ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న అటవీ భూమికే ఆదివాసికి హక్కు. సల్వాజుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. అంటే ఆ మంటల్లోంచి పారిపోయి వచ్చి ఇక్కడ పోడు కొట్టుకున్నవాళ్లలో ఎక్కువమందికి ఆ తేదీయే అడ్డం నిలిచింది. సొంత రాష్ట్రంలో ఎస్టీలే అయినా ఇక్కడ వలసవాళ్లు కాబట్టి కుల ధ్రువపత్రం దగ్గరా చిక్కే. అటవీ శాఖ గుడిసెలు పీకేసిన సందర్భాలూ ఉన్నాయి. "వాళ్లకేం తెలీదు" అని మనం తేల్చేసిన మనుషులు మోస్తున్న లెక్క ఇంత ఉంది.

ఇదంతా ఆరేళ్ల బిడ్డకు చెప్పమనడం లేదు. ఆరేళ్లకు ఆరేళ్ల మాట చాలు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఇళ్లు వదిలి పునరావాస కేంద్రాల్లో చాపల మీద పడుకున్న కుటుంబాలు మనలోనే ఎన్నో ఉన్నాయి. "అప్పుడు నీళ్లొస్తే మనం ఇల్లు వదిలాం కదా. వీళ్ల ఊళ్లో గొడవలొస్తే వీళ్లు వదిలారు. మన నీళ్లు తీశాయి, మనం తిరిగొచ్చాం. వీళ్లకింకా తిరిగిపోయే వీలు కుదరలేదు" అని చెబితే ఆ వయసుకు అర్థమవుతుంది. పన్నెండేళ్లొచ్చాక సల్వాజుడుం పేరు చెప్పండి. పదో తరగతి పిల్లలకు ఆ తేదీ గురించి చెప్పి, "ఇది న్యాయమేనంటావా?" అని అడిగి, వాళ్లు ఆలోచించుకునే దాకా ఊరుకోండి. మీరే తీర్పు చెప్పేయకండి.

మీరు నోటితో చెప్పని పాఠాలు ఇంకా గట్టివి. ఏజెన్సీలో వారపు సంతకు పిల్లల్ని తీసుకెళ్లిన ఏ ఆదివారమో గుర్తు తెచ్చుకోండి. బట్టల కొట్టు ముందు ఆగి "ఎంతండీ?" అంటాం. పది అడుగుల అవతల నేల మీద గోనె పరిచి వెదురు కొమ్ములో, తేనె సీసాలో, చీపుర్లో పెట్టుకుని కూర్చున్న అరవై ఏళ్ల కోయ అవ్వ దగ్గర "ఏయ్, ఎంతకిస్తవే?" అంటాం. ఆమె చెప్పిన ధరలో సగానికి అడుగుతాం. ఇవ్వనంటే సీసా అక్కడ పడేసి నడిచిపోతాం, వెనక్కి పిలుస్తుందని తెలుసు కాబట్టి. మన చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డ పిల్లవాడు ధరలు పట్టించుకోడు. ఎవరితో ఎలా మాట్లాడాలో పట్టుకుంటాడు. రేపు బడిలో వాడి పక్కన ఆ అవ్వ మనవడు కూర్చుంటే ఏ గొంతుతో మాట్లాడాలో వాడికి ఈ రోజే తెలిసిపోయింది.

"అవ్వా, ఎంత?" అంటే పోయేదేముంది? తేనె పట్టు దింపడానికి మనిషి ఎంత ఎత్తు చెట్టెక్కుతాడో, ఏ వేళప్పుడు ఎక్కుతాడో ఆమెనే అడగమని పిల్లలకు చెప్పండి. వేసవిలో అయితే తునికాకు గురించి అడగమనండి. తెల్లవారక ముందే అడవికి పోయి కోసిన ఆకును ఇంటికి తెచ్చి, ఇంటిల్లిపాదీ వాకిట్లో కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. ఆకు వాడితే పనికిరాదు, కట్టలో తక్కువైతే కల్లంలో ఒప్పుకోరు. ఆ ఇంటి పిల్లలు చూడకుండానే వేళ్లతో యాభై లెక్కపెడతారు. మన పిల్లల తరగతిలో లెక్కలు రావని వెనక బెంచీకి పంపింది ఈ పిల్లల్నే.

బడి సంగతికి వస్తే, "కోయోడా", "అడివోడా", "నల్లోడా" అన్న పిలుపులు మన బడుల్లో కొత్త కాదు. ఏదైనా అర్థం కాకపోతే "కోయోడిలా చూస్తావేంట్రా" అనడం పిల్లల మధ్యే కాదు, కొందరు పెద్దవాళ్ల నోటా వినిపిస్తుంది. మీ పిల్లవాడు ఆ మాట ఇంట్లో అంటే చెంప మీద కొట్టకండి. కొడితే ఆ మాట మీ ముందు అనకూడదని మాత్రమే నేర్చుకుంటాడు. ఎక్కడ విన్నావని అడగండి. ఎవరిని అన్నావు, అన్నప్పుడు ఆ పిల్లవాడు ఏం చేశాడు, నీ పక్కవాళ్లు నవ్వారా అని అడగండి. జవాబు చెప్పేటప్పుడు మీ పిల్లవాడి ముఖంలో మార్పు మీకే కనిపిస్తుంది. మరునాడు వెళ్లి ఆ స్నేహితుడితో మాట్లాడమని చెప్పండి. మీరు కూడా వెళ్తే ఇంకా మంచిది. రంగు గురించి మనం ఇళ్లల్లో మాట్లాడే మాటలకు కూడా ఇక్కడే తెర దించాలి. పుట్టిన బిడ్డకు మొదటి స్నానం కాకముందే నలుపా తెలుపా అని చూసే అలవాటు ఉన్న ఇంట్లో ఇంకెన్ని నీతులు చెప్పినా పిల్లలకు ఎక్కవు.

కొందరు తల్లిదండ్రులు ఇంకో దారి పడతారు. నోటితో ఏమీ అనరు, పిల్లల్ని మాత్రం మెల్లగా వేరే బడికి మార్చేస్తారు. అడిగితే "ఆ బడిలో వాతావరణం బాగోలేదు" అంటారు. 1960 నవంబర్ 14న అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నగరంలో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ల నల్లజాతి పాప, అంతవరకు తెల్లవాళ్లకే పరిమితమైన బడిలో మొదటిసారి అడుగుపెట్టింది. అటూ ఇటూ ఫెడరల్ మార్షల్స్ కాపలా నడిచారు. బయట గుంపు అరుస్తోంది. తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లల్ని తరగతుల్లోంచి తీసుకెళ్లిపోయారు. ఆ ఏడాదంతా బార్బరా హెన్రీ అనే టీచరు ఖాళీ గదిలో ఆ ఒక్క పాపకు పాఠం చెప్పింది. అప్పటికి తెల్లపిల్లలు ఎవరూ రూబీతో కూర్చోనని అనలేదు, వాళ్లకు ఆ పాప పరిచయమే లేదు. గది ఖాళీ చేయించింది పెద్దవాళ్లు. బడి మార్చే ముందు ఈ సంగతి ఒక్కసారి తలచుకోండి. బడిలో నిజంగా టీచర్లు లేకపోతే, మరుగుదొడ్లు లేకపోతే మార్చడంలో తప్పులేదు. పక్కన కూర్చునే బిడ్డ ఎవరన్నది మాత్రం కారణం కాకూడదు.

ఇక రిజర్వేషన్ల మాట. ఎప్‌సెట్ ర్యాంకులు, గురుకులం సీట్లు వచ్చే కాలంలో మన ఇళ్లల్లో అన్నం దగ్గర ఈ మాట రాకుండా ఉండదు. "వాళ్లకేంటి, ఎంత తక్కువొచ్చినా సీటొస్తుంది" అని నాన్న అంటాడు. కష్టపడి చదివిన బిడ్డకు నిజంగానే బాధ ఉంటుంది, ఆ బాధను చిన్నచూపు చూడమని నేననను. కానీ ఆ బాధ తీర్చడానికి పక్క పిల్లవాణ్ని దొంగను చేయకండి. కోయ పిల్లవాడు బడికొచ్చిన మొదటి రోజు నుంచి లెక్క వేసి చూపించండి. వాడింట్లో మాట్లాడేది కోయ భాష. గోండికి దగ్గరి చుట్టం, తెలుగు కాదు. ఒకటో తరగతిలో టీచరు చెప్పేది వాడికి అర్థం కాదు, వాడు అడిగేది టీచరుకు అర్థం కాదు. మన పిల్లల్ని తమిళ మీడియంలో కూర్చోబెడితే ఎలా ఉంటుందో అలా. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు వేసి, ఇంటి భాషలో మొదలుపెట్టి తెలుగులోకి తెచ్చే ప్రయత్నం చేశారు. మంచి ప్రయత్నం. అది ప్రతి గూడెం బడిలోనూ వేళ్లూనుకుని ఉంటే ఈ రోజు కథ వేరుగా ఉండేది.

పైగా ఏజెన్సీ బడులకు మైదానం నుంచి వేసిన టీచర్లు సరిగా రారన్నది పాత ఫిర్యాదు. అందుకే 2000 జనవరిలో ప్రభుత్వం 3వ నంబరు జీవో తెచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలోని బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్నది దాని సారం. దాని వల్ల ఎన్నో గూడేల్లో పిల్లల భాష వచ్చిన టీచరు బడిలోకి వచ్చాడు. నూరు శాతం కేటాయింపు చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే చేసిన నియామకాల జోలికి మాత్రం పోలేదు. తీర్పు మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. నా మటుకు నాకు, ఆ టీచరు కుర్చీ ఉద్యోగార్థి కోసం ఉందా, బెంచీ మీద కూర్చున్న ఆరేళ్ల బిడ్డ కోసం ఉందా అన్న ప్రశ్నే ముఖ్యం. మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే ఈ తీర్పు మీద వాళ్లతో వాదించండి. వాదనలో ఓడిపోయినా నష్టం లేదు.

భూమి సంగతి ఇంతకంటే దగ్గరిది, ఇంతకంటే కష్టమైనది. మన్యంలో షావుకారు ఉప్పూ బట్టా అరువిచ్చి, వడ్డీ కట్టలేని రోజు వేలిముద్ర వేయించుకుని పొలం రాయించుకోవడం ఎంత పాత కథంటే, దాన్ని ఆపడానికి బ్రిటిషువాళ్లే 1917లో గోదావరి ఏజెన్సీకి వర్తించేలా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. అప్పట్లో భద్రాచలం ఆ ఏజెన్సీలోదే, 1959లోగాని ఖమ్మం జిల్లాలో కలవలేదు. ఆ ఏడాదే భూ బదలాయింపు నిబంధన వచ్చింది. 1970లో దానికి పదును పెట్టారు. మనందరం 1/70 అనేది దాన్నే. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనకూడదు, గిరిజనుడి దగ్గరే కాదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం మొదట అనుకుంటుంది. కాదని చూపించాల్సింది అతనే. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టం సరైనదేనని నిలబెట్టింది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా మన ఏజెన్సీ పట్టణాల్లో భూములు ఎలా చేతులు మారుతున్నాయో అందరికీ తెలుసు. కాగితం మీద ఒక పేరు, గృహప్రవేశం ఇంకొకరిది. ఇంట్లో పనిచేసే గిరిజన మనిషి పేరున స్థలం పెట్టి, ఆ మనిషిని పండక్కి చీర పెట్టి పంపే ఇళ్లున్నాయి. ఇక్కడి గిరిజనేతరుల్లో తరాలుగా ఉంటున్నవాళ్లు, రోజు కూలీతో బతికేవాళ్లు కూడా చాలామంది. వాళ్లందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. అయితే మీ ఇల్లు అలాంటి కాగితం మీద లేచినదైతే, ఒక రోజు మీ పిల్లలకు అది తెలుస్తుంది. ఆ రోజు మీరు ఏం చెప్పాలో ఇప్పుడే ఆలోచించుకోండి. "అందరూ చేస్తున్నారు" అన్న జవాబు మాత్రం చెప్పకండి. ఆ ఒక్క జవాబుతో మీరు అంతవరకు నేర్పిన సత్యం, ధర్మం అన్నీ కొట్టుకుపోతాయి.

ఒకరు చేసిన తప్పును జాతి మొత్తానికి అంటగట్టకూడదని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌ను నరికి చంపారు. డ్యూటీలో ఉన్న మనిషి, భార్యాబిడ్డలు ఉన్న మనిషి. ఆ కుటుంబం దుఃఖం ముందు ఏ మాటైనా చిన్నదే. నిందితులు ఇద్దరూ గుత్తికోయలు. మరుసటి ఏడాది కొత్తగూడెం కోర్టు ఆ ఇద్దరికీ యావజ్జీవ శిక్ష వేసింది. న్యాయం అంటే అది, పేరు పెట్టి, సాక్ష్యం చూసి, చేసినవాళ్లకు శిక్ష వేయడం. కానీ ఆ తీర్పుకు చాలా ముందే, హత్య జరిగిన కొద్ది రోజులకే, గుత్తికోయలందరినీ ఊరి నుంచి వెళ్లగొట్టాలని అక్కడి పంచాయతీ తీర్మానం చేసింది. బాలింతలు, బడికి పోయే పిల్లలు, ఆ హత్యతో ఏ సంబంధమూ లేని ముసలివాళ్లు, అందరూ ఆ "అందరి"లో ఉన్నారు. "మీ ఛత్తీస్‌గఢ్‌కు మీరు పొండి" అన్న మాట ఆ రోజుల్లో చాలా నోళ్ల నుంచి వచ్చింది.

అదే మాట మనకూ తగిలింది. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్ అనే మన తెలుగు ఇంజినీరును ఒకడు "మా దేశం నుంచి పొండి" అని అరుస్తూ కాల్చి చంపాడు. ఆ రోజు ఖమ్మంలో ఎన్ని ఇళ్లల్లో అర్ధరాత్రి ఫోన్లు మోగాయో, ఎందరు తల్లులు "బయటికి పోకు నాన్నా" అని ఏడ్చారో నేను వేరే చెప్పాల్సిన పని లేదు. అక్కడే ఉన్న ఇయాన్ గ్రిల్లాట్ అనే తెల్ల యువకుడు హంతకుణ్ని ఆపబోయి తానూ తూటా తిన్నాడు. ఎర్రబోడు కథ, ఒలేతా కథ ఒకే రోజు, ఒకే పూట మీ పిల్లలకు చెప్పండి. రెంటినీ పక్కపక్కన పెడితే వాళ్లకు మీ వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇంకో లెక్క కూడా మన ప్రవాస కుటుంబాలు మరిచిపోతుంటాయి. 1965కు ముందు అమెరికా వలస చట్టం పుట్టిన దేశాన్ని బట్టి కోటా పెట్టేది. భారతీయులకు ఏడాదికి దాదాపు వంద చోట్లు. బస్సుల్లో, బడుల్లో, ఓటు కేంద్రాల దగ్గర నల్లజాతి జనం దెబ్బలు తిని, జైళ్లకు పోయి 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం సాధించారు. ఆ గాలిలోనే, అదే 1965లో, దేశాల వారీ కోటా పద్ధతి కూడా పోయింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు అక్కడ దిగడానికి దారి వేసింది ఆ పోరాటం. అక్కడికి పోయిన మన పిల్లలు ఫోన్లో "ఇక్కడ నల్లవాళ్లుండే ఏరియాలో ఇల్లు తీసుకోలేదమ్మా" అని చెబితే, "మంచి పని చేశావు" అనకండి.

మన దేవుళ్ల కథల్లో కూడా ఈ లెక్క ఉంది, మనం చదవడం మానేశాం. భద్రాద్రి గుడికి ఏటా కల్యాణం చూడటానికి పోతాం. కంచర్ల గోపన్న గుడి కట్టించి జైలుపాలైన కథ పిల్లలకు వస్తుంది. అంతకు ముందు ఆ విగ్రహాలను పుట్టల మధ్య చూసి, పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే ఆదివాసీ స్త్రీ అని స్థల పురాణమే చెబుతుంది. గుడికి పోయినప్పుడు ఆ పేరు మీ పిల్లలకు చెప్పండి. మేడారం పోయి నిలువెత్తు బంగారం అని బెల్లం తూచి ఇస్తాం. సమ్మక్క సారలమ్మలు కోయ ఆడబిడ్డలు, కరువులో కప్పం కట్టలేమని కాకతీయ రాజు మీద నిలబడి పోరాడి పోయినవాళ్లు. గద్దెల దగ్గరికి తల్లులను తెచ్చే పూజారులు, వడ్డెలు, కోయలే. జాతర నాలుగు రోజులు వాళ్ల ముందు చేతులు జోడించి, ఐదో రోజు వాళ్ల పిల్లల్ని కోయోడా అంటే, ఆ తల్లులకు మొక్కిన మొక్కు ఎవరికి చేరుతుంది?

దేవుళ్లను అటుంచి, మనుషుల పేర్లు కూడా చెప్పండి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ వంశాల చరిత్రను డోలు మీద పాడేవారు. ఆ చరిత్రంతా ఆయనకు కంఠస్థం. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. భద్రాచలం నుంచి ఎమ్మెల్యేలుగా గెలిచిన కుంజా బొజ్జి, సున్నం రాజయ్య బస్సుల్లో, ఆటోల్లో తిరిగి, దాచుకున్నదేమీ లేకుండా పోయారు. మన పిల్లలకు ఆదివాసీ అంటే సాయం అందుకునే చెయ్యి మాత్రమే తెలిస్తే, ఆ తప్పు మన దగ్గర ఉంది.

ఇక గూడేల్లో, తండాల్లో, దళిత వాడల్లో పిల్లల్ని పెంచుతున్న తల్లిదండ్రులతో రెండు మాటలు. మీ బిడ్డ బడి నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చి "నన్నిలా అన్నారు" అంటే, "ఊరుకో బిడ్డా, మనకెందుకు గొడవ" అనకండి. మీరు ఎందుకలా అంటారో నాకు తెలుసు. గొడవ పెట్టుకుంటే మార్కులు పోతాయని, హాస్టల్లో సీటు పోతుందని భయం. కానీ తన మాట ఇంట్లో కూడా నిలబడదని బిడ్డకు తోస్తే, ఆ తర్వాత ఇక చెప్పడం మానేస్తాడు. మీరే ఎరిగిన ఒక మాస్టారినో, సర్పంచినో వెంటబెట్టుకుని హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లండి. జరిగింది కాగితం మీద రాసివ్వండి, ఒక ప్రతి మీ దగ్గర పెట్టుకోండి. 2009 విద్యాహక్కు చట్టం బడిలో వివక్ష ఉండకూడదంటుంది, పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. వీలైనంత వరకు ఇంటి భాషలోనే చదువు చెప్పాలని కూడా అందులో ఉంది. పెద్దవాళ్లు నలుగురి ముందు కులం పేరుతో తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉంది, ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష పడే నేరం అది. హెడ్మాస్టరు దగ్గర పని కాకపోతే భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ మెట్లెక్కండి, ఒంటరిగా కాకుండా నలుగురు కలిసి.

ఇంట్లో కోయ మాట్లాడటం ఆపకండి. బిడ్డ వెనకబడతాడని భయపడి రాని తెలుగులో మాట్లాడితే రెండు భాషలూ సగం సగమే అవుతాయి. బడి తెలుగు బడిలో వస్తుంది. కోయ, లంబాడీల మధ్య రిజర్వేషన్ల మీద 2017లో పెరిగిన పేచీ హాస్టళ్ల దాకా వచ్చి పిల్లలు విడివిడిగా కూర్చున్న సంగతి కూడా మీకు తెలుసు. ఆ వాదన పెద్దవాళ్లు కోర్టుల్లో, సభల్లో చేసుకోవాలి. ఒకే కంచం దగ్గర కూర్చునే పిల్లల మధ్యకు దాన్ని తేకండి. స్థానిక కోయలకు గుత్తికోయల మీద ఉన్న చిన్నచూపు గురించి కూడా ఇదే మాట.

చివరగా, బడి సమావేశం. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, అందులో బలహీన వర్గాల తల్లిదండ్రులకు వాళ్ల పిల్లల సంఖ్యకు తగ్గ చోటు ఉండాలి. మన బడుల్లో ఆ తల్లులు వస్తారు, తలుపు దగ్గర నేల మీద కూర్చుంటారు, సంతకం దగ్గర వేలిముద్ర వేసి వెళ్తారు. ఈసారి సమావేశానికి మీరు పోతే ఆమెకు మీ పక్క కుర్చీ చూపించండి. ఆమె మాట అర్థం కాకపోతే కోయ వచ్చిన పై తరగతి పిల్లను పిలిచి చెప్పించండి. బాత్రూముల గురించో, మధ్యాహ్న భోజనం గురించో, టీచరు రావడం గురించో ఆమెను ముందు అడగండి. ఆమె చెప్పడం అయ్యాక తీర్మానం రాయండి.